పన్ను తీసిన తరువాత: నోటి శోథ, కోలుకునే క్రమం, వైద్య పరిశోధన పద్ధతి

5.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• శోథ అంటే ఏమిటో, పన్ను తీసిన గుంట ఏ క్రమంలో మానుతుందో వివరించగలుగుతారు.
• "మందు వాడాక తగ్గింది", "మందు వల్ల తగ్గింది" అనే రెండు మాటలకు ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• నోటి శస్త్రచికిత్సపై జరిగే ఒక ప్రయోగానికి ప్రణాళికను రాయగలుగుతారు.
• ప్రయోగ ఫలితాలను, సమ్మతి పత్రాన్ని అర్థం చేసుకుని చదవగలుగుతారు.

5.1 పరిచయం

తుళ్లూరు మండలంలో ఏ ఊళ్లో అడిగినా పన్ను నొప్పికి నాలుగు చికిత్సలు చెబుతారు. లవంగ నూనె పెట్టమంటారు. ఉప్పునీళ్లు పుక్కిలించమంటారు. పసుపు అద్దమంటారు. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర మూడు రోజుల మాత్రలు తెచ్చుకోమంటారు. చెప్పే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక సాక్ష్యం ఉంటుంది: "మా అత్తకు దానితోనే తగ్గింది."

ఆ సాక్ష్యం అబద్ధం కాదు. అత్తకు నిజంగానే తగ్గింది. అయితే దేనివల్ల తగ్గింది? ఏమీ వాడకపోయినా తగ్గేదా? ఇంకో మందు వాడి ఉంటే రెండు రోజుల ముందే తగ్గేదా? ఈ ప్రశ్నలకు ఒక్క మనిషి అనుభవం జవాబు చెప్పలేదు. జవాబు రాబట్టడానికి ఏర్పడిన పద్ధతే వైద్య ప్రయోగం. దీన్నే క్లినికల్ ట్రయల్ అంటాం. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో నోటి శోథ, దంత శస్త్రచికిత్స ఆధారంగా ఈ భాగంలో తెలుసుకుందాం. మీరు వైద్య విద్యార్థులు కాకపోవచ్చు. అయినా రేపు మీ చేతికో, మీ అమ్మగారి చేతికో మాత్రల చీటీ గానీ, సమ్మతి పత్రం గానీ వస్తుంది. అప్పుడు ఏం అడగాలో తెలిసి ఉండటం అవసరం.

5.2 శోథ: శరీరం చేసే మరమ్మతు పని

శరీరంలో ఒకచోట దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు చేరినా అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటి గోడల నుంచి ద్రవం, తెల్లరక్తకణాలు బయటికి వస్తాయి. దాంతో ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. కొంతకాలం సరిగా పనిచేయదు. ఈ అయిదు లక్షణాల సముదాయాన్నే శోథ అంటారు. మన వాడుకలో "వాపు" అనేది ఇందులో ఒక లక్షణం మాత్రమే. శోథ లేనిదే గాయం మానదు. అది అవసరానికి మించినా, ఎంతకీ ఆగకపోయినా నష్టం చేస్తుంది.

5.2.1 చిగుళ్ల శోథపై ఒక ప్రయోగం

పళ్లపై పేరుకునే పాచి వల్లే చిగుళ్లు వాస్తాయని ఇప్పుడు అందరూ అంటారు. దీన్ని మనుషులపై స్పష్టంగా చూపిన ప్రయోగం 1965లో డెన్మార్క్‌లోని ఆర్హూస్ నుంచి వెలువడింది. హరాల్డ్ లో, ఆయన సహచరులు ఆరోగ్యవంతమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా ఆపమన్నారు. సుమారు 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల శోథ వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో చిగుళ్లు మామూలు స్థితికి వచ్చాయి.

ఈ ప్రయోగం నిర్మాణాన్ని గమనించండి. కారణాన్ని ప్రవేశపెట్టారు, ఫలితం కనిపించింది. కారణాన్ని తొలగించారు, ఫలితం పోయింది. మధ్యలో ఏ మందూ లేదు. కాబట్టి ఎవరైనా "మా పళ్లపొడి వాడితే పది రోజుల్లో చిగుళ్ల వాపు పోతుంది" అంటే, ఆ గొప్పతనం పొడిదా, రోజూ శ్రద్ధగా తోమడానిదా అని మీరు అడగవచ్చు.

5.2.2 పన్ను గుంట మానే క్రమం

పన్ను తీయగానే గుంట రక్తంతో నిండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ సహజమైన కట్టులాంటిది. మొదటి రెండు మూడు రోజులు శోథ దశ. బుగ్గ వాపు సాధారణంగా 48 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, ఆ తరువాత తీస్తుంది. వారం తిరిగేసరికి గడ్డ స్థానంలో మెత్తని కొత్త కణజాలం చేరుతుంది. కొన్ని వారాల్లో చిగురు పైన మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది.

కొందరికి ఆ రక్తపు గడ్డ ముందుగానే కరిగిపోవడమో ఊడిపోవడమో జరిగి ఎముక బయటపడుతుంది. దీన్ని ఎండిన గుంట, అంటే డ్రై సాకెట్ అంటారు. పన్ను తీసిన రెండు నుంచి నాలుగు రోజులకు, తగ్గుతున్నదనుకున్న నొప్పి మళ్లీ తీవ్రంగా తిరగబెట్టడం దీని గుర్తు. పొగ తాగేవారిలో ఇది ఎక్కువ. చుట్ట, బీడీ అలవాటున్న మన ప్రాంతంలో ఈ విషయాన్ని రోగికి ముందే చెప్పాలి.

గమనిక: జ్వరం రావడం, వాపు దవడ కిందికీ మెడకూ పాకడం, మింగడం కష్టమవడం, ఊపిరి ఆడకపోవడం మామూలు శోథ లక్షణాలు కావు. వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

5.2.3 మిరపకాయ చెప్పే పాఠం

పన్ను తీసిన నోటికి కారం ఎందుకంత మంట పుట్టిస్తుంది? మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నరాల చివరలో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరుచుకునేది కూడా ఆ గ్రాహకమే. అందుకే కారం మనకు "మంట"గా తెలుస్తుంది. దీన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

శోథ జరుగుతున్నచోట ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్ వంటి రసాయనాలు విడుదలై ఈ గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తాయి. అప్పుడది మామూలు ఒంటి వేడికే తెరుచుకోగలదు. రోజూ గుంటూరు కారం తినే మనిషి కూడా పన్ను తీయించుకున్నాక పప్పుచారుకే కళ్లనీళ్లు పెట్టుకోవడానికి కారణం ఇదే. ఐబుప్రొఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించి నొప్పిని అదుపు చేస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: జవాబులను భాగం చివర ఉన్నవాటితో సరిచూసుకోండి.
1. బుగ్గ వాపు సాధారణంగా ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?
2. డ్రై సాకెట్ నొప్పికీ మామూలు నొప్పికీ కాలక్రమంలో తేడా ఏమిటి?

5.3 తగ్గడం వేరు, తగ్గించడం వేరు

పైన చెప్పిన కాలక్రమాన్ని మరోసారి చూడండి. వాపు మూడో రోజుకు పతాక స్థాయికి చేరి, తరువాత దానంతటదే తీస్తుంది. మనిషి మందు కోసం పరుగెత్తేది సరిగ్గా మూడో రోజునే. అప్పుడు ఏం వాడినా నాలుగో రోజుకు తగ్గుముఖం పడుతుంది. పసుపు వాడినవారు పసుపును, మాత్ర వేసుకున్నవారు మాత్రను, తాయెత్తు కట్టుకున్నవారు తాయెత్తును నమ్ముతారు. ముగ్గురి అనుభవమూ నిజమే. అయినా ముగ్గురి నిర్ధారణకూ ఆధారం లేదు.

ఈ చిక్కు విప్పడానికి పోలిక కావాలి. ఒకే రకమైన శస్త్రచికిత్స జరిగిన రెండు బృందాల్లో ఒకదానికి పరీక్షించాల్సిన మందు, మరొకదానికి పాత మందు లేదా ఉత్తుత్తి మందు ఇచ్చి, రెండింటినీ ఒకే విధంగా కొలవాలి.

5.3.1 జ్ఞానదంతం ఎందుకు?

ప్రపంచంలో చాలా నొప్పి మందుల పరీక్షకు జ్ఞానదంతం తీసిన రోగులే ఆధారమయ్యారు. 1976లో కూపర్, బీవర్ అనే పరిశోధకులు ఈ నమూనాను పద్ధతిగా వివరించారు. దీనికి కారణాలు సులభం. జ్ఞానదంతం తీయించుకునేవారు ఎక్కువగా యువకులు, ఇతర జబ్బులు లేనివారు. శస్త్రచికిత్స ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మత్తు దిగగానే నొప్పి మొదలయ్యే సమయం ముందే తెలుసు. కుడి, ఎడమ రెండు వైపులా పళ్లు తీయాల్సి వస్తే ఒక వైపు ఒక చికిత్స, కొన్ని వారాల తరువాత రెండో వైపు మరో చికిత్స ఇచ్చి, అదే మనిషిని తనతోనే పోల్చవచ్చు.

5.3.2 ఉత్తుత్తి మందు కూడా పనిచేస్తుంది

1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ దంత శస్త్రచికిత్స జరిగిన రోగులకు ప్లసీబో, అంటే మందు లేని మందు ఇచ్చారు. కొందరికి దానితోనే నొప్పి తగ్గింది. వారికి తరువాత నాలోక్సోన్ ఇవ్వగా నొప్పి మళ్లీ పెరిగింది. శరీరం స్వయంగా తయారుచేసుకునే నొప్పి నివారకాల పనిని అడ్డుకునే మందు నాలోక్సోన్. అంటే నమ్మకం వల్ల వచ్చిన ఉపశమనం వట్టి భ్రమ కాదని, దాని వెనుక శరీరంలో రసాయన చర్య ఉందని ఆ ఫలితం సూచించింది. కాబట్టి కొత్త మందు ఈ నమ్మకం ఇచ్చే ఉపశమనాన్ని మించి ఏం చేస్తుందో చూపాలి.

5.4 దేన్ని, ఎలా కొలవాలి?

"బాగా తగ్గింది" అనేది కొలత కాదు. ఈ రంగంలో వాడుకలో ఉన్న కొలతలు ఇవి:

• నొప్పి: 10 సెంటీమీటర్ల గీత గీసి, ఒక చివర "నొప్పి లేదు", రెండో చివర "భరించలేనంత" అని రాస్తారు. రోగి తన నొప్పి ఉన్నచోట గుర్తు పెడతారు. చదువు రానివారికి ముఖాల బొమ్మలు వాడవచ్చు.
• వాపు: చెవి ముందు భాగం నుంచి నోటి మూల వరకు, గడ్డం కొస వరకు దారంతో గానీ టేపుతో గానీ కొలుస్తారు. శస్త్రచికిత్సకు ముందు తీసిన కొలతతో పోలుస్తారు.
• నోరు తెరుచుకోవడం: పై, కింది ముందు పళ్ల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు.
• చిగుళ్ల శోథ: 1963లో లో, సిల్నెస్ ప్రతిపాదించిన సూచికలో 0 నుంచి 3 వరకు అంకెలు ఉంటాయి. 0 అంటే ఆరోగ్యం. 3 అంటే తాకకుండానే రక్తం కారేంత శోథ.

వీటిలో ప్రధానమైనది ఏదో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోవాలి. పది కొలతలు తీసుకుని, అనుకూలంగా వచ్చిన ఒక్కదాన్ని చివర్లో ఎంచుకోవడం అంటే బాణం గుచ్చుకున్నాక దాని చుట్టూ గురి గీయడమే.

5.5 ఊహా ప్రయోగం: దుగ్గిరాల పసుపు

ఇప్పుడు ఒక ప్రయోగానికి మనమే ప్రణాళిక వేద్దాం. ఇది అభ్యాసం కోసం ఊహించినది. తుళ్లూరుకు దూరం కాని దుగ్గిరాల పసుపు మార్కెట్‌కు పేరుపొందింది. పసుపులోని కర్క్యుమిన్‌కు శోథను తగ్గించే గుణం ఉందని ప్రయోగశాల పరిశోధనలు సూచించాయి. మన ప్రశ్న ఇది: పన్ను తీసినవారికి పసుపు పుక్కిలింత, వాడుకలో ఉన్న క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతతో సమానంగా చిగుళ్ల శోథను తగ్గిస్తుందా?

(అ) ఎవరిని తీసుకోవాలి? ఇప్పటి తుళ్లూరులో రైతులున్నారు, సొంత భూమి లేని కూలీలున్నారు, రాజధాని నిర్మాణ పనులకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారున్నారు. కాలేజీ విద్యార్థులతో మాత్రమే ప్రయోగం చేస్తే ఫలితం వీరందరికీ వర్తిస్తుందని చెప్పలేం. మధుమేహం, పొగాకు అలవాటు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి ఆ వివరాలు మొదటే నమోదు చేయాలి.

(ఆ) ఎవరికి ఏది ఇవ్వాలి? డాక్టరు ఎంపిక చేయకూడదు. గాయం చిన్నదిగా ఉన్నవారికి తెలియకుండానే తనకిష్టమైన మందు ఇచ్చే ప్రమాదం ఉంది. కేటాయింపు చీటీల పద్ధతిలో యాదృచ్ఛికంగా జరగాలి. చీటీలను లోపలిది కనబడని కవర్లలో మూసి, వరుస సంఖ్యలు వేసి, రోగి ప్రయోగంలో చేరిన తరువాతే తెరవాలి.

(ఇ) ఎవరికి తెలియకూడదు? మందు ఏదో రోగికీ, కొలిచేవారికీ తెలియకపోతే మంచిది. కానీ పసుపు రంగు, రుచి దాగవు. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడితే పళ్లపై గోధుమ రంగు మరకలు పడతాయి. కాబట్టి రోగికి తెలియకుండా చేయడం ఇక్కడ కష్టమని నిజాయితీగా రాయాలి. నొప్పి గీత కన్నా, మందు ఎవరిదో తెలియని మరొకరు తీసే కొలతకు ప్రాధాన్యమివ్వాలి.

(ఈ) ఎవరు తిరిగి వస్తారు? మన ప్రాంతంలో అసలు పరీక్ష ఇదే. ఉదాహరణకు, ఒక్కో బృందంలో 30 మంది ఉన్నారనుకుందాం. ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. అప్పుడు మిర్చి కోతలు ముమ్మరంగా ఉంటాయి. ఏడో రోజు పసుపు బృందంలో 9 మంది, రెండో బృందంలో 2 మంది రాలేదు. వచ్చిన 21 మందిలో చాలామందికి శోథ తగ్గింది. పసుపు గెలిచినట్టేనా?

చెప్పలేం. రాని 9 మంది పూర్తిగా నయమై కోతకు వెళ్లి ఉండవచ్చు. లేదా పుక్కిలింతతో తగ్గక ఊళ్లోనే ఇంజక్షన్ చేయించుకుని ఉండవచ్చు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చి "బాగానే ఉంది" అని చెప్పే స్తోమత ఎందరికి ఉంటుంది? రానివారిని లెక్కలోంచి తీసేస్తే, మిగిలిన లెక్క పేదవారిని విడిచిన లెక్క అవుతుంది.

దీనికి పరిష్కారాలున్నాయి. పత్తి తీతలు, మిర్చి కోతలు లేని నెలలు ఎంచుకోవాలి. ప్రయాణ ఖర్చు, పోయిన కూలి చెల్లించాలి. ఫోను చేయాలి, అవసరమైతే ఇంటికి వెళ్లి కొలవాలి. ఎవరు ఏ బృందానికి కేటాయించబడ్డారో, మందు వాడినా మానేసినా, ఆ బృందంలోనే లెక్కించాలి. ఎందరు తప్పిపోయారో నివేదికలో రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. కేటాయింపును డాక్టరు ఇష్టానికి ఎందుకు వదలకూడదు?
4. పై ఉదాహరణలో 21 మంది ఫలితం ఎందుకు సరిపోదు?

5.6 ఫలితాలను చదవడం

పన్ను తీశాక యాంటీబయాటిక్ మాత్రలు మన దగ్గర దాదాపు ఆనవాయితీ. వాటిపై జరిగిన ప్రయోగాలన్నింటినీ కలిపి పరిశీలించిన కొక్రేన్ సమీక్ష 2021లో సవరించి వెలువడింది. అందులో 3,200 మందికి పైగా రోగుల వివరాలున్నాయి. వారిలో ఎక్కువమంది జ్ఞానదంతం తీయించుకున్న ఆరోగ్యవంతులు. ముందుజాగ్రత్తగా ఇచ్చిన యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుందని సమీక్ష చెప్పింది. అయితే ఎంతగా? ఒక్కరికి ఇన్ఫెక్షన్ రాకుండా ఆపడానికి సుమారు 19 మందికి మందు ఇవ్వాలి.

ఈ "19"ని చికిత్స అవసర సంఖ్య అంటారు. అది ఎంత చిన్నదైతే మందు అంత బలమైనది. ఇక్కడ 19 మందిలో 18 మందికి ఆ విషయంలో అదనపు లాభం లేదు. విరేచనాలు, దద్దుర్లు వంటి ఇబ్బందులు మాత్రం ఎవరికైనా రావచ్చు. అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతుంది. అందుకే ఆరోగ్యవంతులందరికీ అలవాటుగా ఇవ్వడం సరికాదని సమీక్షకులు భావించారు. మధుమేహం వంటి సమస్యలున్నవారి విషయం వేరు. వారికి డాక్టరే నిర్ణయించాలి. పోలిక కోసం: శస్త్రచికిత్స తరువాతి నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాముల చికిత్స అవసర సంఖ్య సుమారు 2.5. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాన్ని సొంతంగా వాడకూడదు.

మరో ఉదాహరణకు మన తెలుగువారితో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో వెలుగుచూసిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఆ కుటుంబానికి చెందిన మందులు సూక్ష్మజీవులను అదుపు చేయడమే కాక, చిగుళ్ల కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమ్‌ను కూడా అడ్డుకుంటాయని 1980లలో తేలింది. దాని ఆధారంగా డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో, చిగుళ్ల వ్యాధి చికిత్సకు తోడుగా వాడటానికి 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఆ మోతాదు సూక్ష్మజీవులను చంపడానికి చాలదు. అది పనిచేసేది శోథ చేసే నష్టం మీద. ఒకే మందు మోతాదును బట్టి వేరే పని చేయవచ్చని, ఆ సంగతిని ప్రయోగం మాత్రమే బయటపెట్టగలదని దీన్నిబట్టి గ్రహించాలి.

5.7 సమ్మతి: సంతకానికి ముందు

ప్రయోగంలో పాల్గొనేది మనుషులు. 2011లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలు కొందరు, సరిగా వివరించకుండా డబ్బు ఆశ చూపి తమను మందుల పరీక్షలకు తీసుకువెళ్లారని ఆరోపించారు. విచారణ జరిగింది. ఆ పరీక్షలు చేసిన హైదరాబాద్ సంస్థ అనుమతిని ఔషధ నియంత్రణ అధికారులు అప్పట్లో నిలిపివేశారు. తుళ్లూరు నుంచి పిడుగురాళ్ల ఎంతో దూరం కాదు. పన్ను నొప్పితో వచ్చిన కూలీ తల్లి పరిస్థితీ అలాంటిదే. నొప్పిలో ఉన్న మనిషి ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తుంది.

అందుకే నిబంధనలు ఏర్పడ్డాయి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. ఔషధ నియంత్రణ అనుమతి అవసరమైన ప్రయోగాలను అందులో ముందుగా నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. వీటినీ, భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలనూ అనుసరించి మీరు అడగవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఇది చికిత్సా, పరిశోధనా?
2. నేను చేరకపోతే నాకు అందే మామూలు చికిత్స ఏమిటి?
3. మధ్యలో మానేస్తే నా వైద్యం ఆగుతుందా? (ఆగకూడదు.)
4. హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు?
5. నైతిక సంఘం అనుమతి, రిజిస్ట్రీ సంఖ్య ఉన్నాయా?
6. ఈ పత్రం నాకు అర్థమయ్యే భాషలో ఉందా? చదువు రానివారికి పత్రం చదివి వినిపించేటప్పుడు ప్రయోగంతో సంబంధం లేని సాక్షి ఉన్నారా?

ఈ ప్రశ్నలు అడిగినందుకు విసుక్కునే పరిశోధకుల దగ్గర సంతకం చేయనవసరం లేదు.

5.8 సారాంశం

శోథ గాయం మానడంలో ఒక దశ. పన్ను తీసిన తరువాతి వాపు రెండు మూడు రోజులు పెరిగి, దానంతటదే తగ్గుతుంది. కాబట్టి మందు వాడాక తగ్గడం మందు గొప్పతనానికి రుజువు కాదు. యాదృచ్ఛిక కేటాయింపు, పోలిక బృందం, ముందే నిర్ణయించిన కొలత, తెలియకుండా కొలవడం, తప్పిపోయినవారిని లెక్కలో ఉంచడం అనే అయిదూ కలిసినప్పుడే నమ్మదగిన జవాబు వస్తుంది. ఆ జవాబును "ఎందరికి ఇస్తే ఒకరికి మేలు" అనే లెక్కలో చదవాలి. తెలిసి, ఇష్టపడి ఇచ్చిన సమ్మతి లేనిదే ఏ ప్రయోగమూ చేయకూడదు.

5.9 కీలక పదాలు

శోథ: గాయానికి, సూక్ష్మజీవులకు శరీరం చూపే ప్రతిస్పందన.
డ్రై సాకెట్: రక్తపు గడ్డ పోయి ఎముక బయటపడిన పన్ను గుంట.
ప్లసీబో: మందులా కనిపించే, మందు గుణం లేని పదార్థం.
యాదృచ్ఛిక కేటాయింపు: ఎవరి ఇష్టానిష్టాలకూ తావులేకుండా బృందాలుగా విభజించడం.
చికిత్స అవసర సంఖ్య: ఒకరికి అదనపు మేలు కలగడానికి చికిత్స ఇవ్వవలసినవారి సంఖ్య.

5.10 ప్రగతి పరీక్ష – జవాబులు

1. 48 నుంచి 72 గంటల మధ్య.
2. మామూలు నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. డ్రై సాకెట్ నొప్పి రెండు నుంచి నాలుగు రోజులకు తిరగబెడుతుంది.
3. తెలియకుండానే తేలికపాటి గాయాలున్నవారిని ఒకే బృందంలో చేర్చే ప్రమాదం ఉంది కాబట్టి.
4. రాని 9 మంది నయమైనవారో, నయం కానివారో తెలియదు కాబట్టి.

5.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పన్ను తీసిన గుంట మానే క్రమాన్ని వివరించి, అది ప్రయోగ ఫలితాలను ఎలా తప్పుదారి పట్టించగలదో చర్చించండి.
2. మీ ఊళ్లో పన్ను నొప్పికి వాడే ఒక ఇంటి వైద్యాన్ని ఎంచుకుని, దాన్ని పరీక్షించే ప్రయోగానికి ప్రణాళిక రాయండి. మీ ఊరి పనుల కాలాన్ని దృష్టిలో ఉంచుకోండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆర్హూస్ ప్రయోగం నుంచి మనం నేర్చుకునేది ఏమిటి?
2. ఒక మందు చికిత్స అవసర సంఖ్య 19, మరొకదానిది 2.5. ఈ రెండు అంకెలను చదువు రాని మీ బంధువుకు ఎలా వివరిస్తారు?